నాలుగో మాటకు పాట

ఆదివారం ఆరాధన అయిపోయాక, చర్చి పక్క గదిలో, సెక్రటరీ ఇమ్మానుయేల్ గారు మిర్చి బజ్జీల ప్లేటు పక్కకు జరిపి, "గుడ్ ఫ్రైడేకు నువ్వు పాడతనన్నది సాయిబుల పాటమ్మా. మన చర్చిల నడవది" అన్నారు.

అమలకు అరికాలి మంట నెత్తికెక్కింది. కోపమొస్తే ఆమెకు ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత మాట తడబడుతుంది. ఆ రోజు మాట తడబడలేదు.

"సార్, గది సిలువ పాట. కొడుకును సిలువేస్తుంటే తల్లి ఏడ్చే పాట. ఏసు పుట్టిన ఊరికి పక్కూరోళ్ళు పాడుకునే పాట. సాయిబుల పాట ఎట్లయితది?"

"అరబ్బీల ఉన్నదా, లేదా?"

"ఉన్నది."

"మరి!" అని ఆయన ప్లేటు మళ్ళీ దగ్గరికి లాక్కున్నారు. ఆయన లెక్కలో కేసు కొట్టేసినట్టే.

పాస్టరు గారు టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. క్వయర్ మాస్టరు రత్నాకర్ గోడ మీది క్యాలెండర్ చదువుతున్నాడు. ఆ క్యాలెండర్ మీద నీలికళ్ళ, బంగారు జుట్టు ఏసుప్రభువు గొర్రెపిల్లను ఎత్తుకుని నవ్వుతున్నాడు. ఆ ప్రభువుది ఏ దేశమని ఈ గదిలో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ అమల మింగేసింది. పెద్దవాళ్ళ ముందు మింగడం ఆమెకు చిన్నప్పటినుంచీ నేర్పిన విద్య.

అమలది జడ్చర్ల దగ్గర చిన్న ఊరు. తండ్రి వీరస్వామి కూలికి పోయి చదివించాడు. తొంభై ఆరులో ఆమె యూనివర్సిటీలో ఎం.ఏ. మొదటి సంవత్సరం. వారమంతా క్యాంపస్ హాస్టల్లో ఉండి, ఆదివారం తార్నాక వెనక గల్లీలో ఉన్న ఈ చిన్న చర్చికి నడిచొచ్చి క్వయర్‌లో పాడేది. ఆమె గొంతు విని మొదటి నెలలోనే ముందు వరసలో నిలబెట్టారు. అందరికీ ఆ గొంతు కావాలి. ఆ గొంతుకు ఏం కావాలో మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఇంతకీ ఈ పాట ఎక్కడినుంచి ఊడిపడిందో చెప్పాలి. అమల క్లాసులో ఇల్యాస్ అని పాలస్తీనా అబ్బాయి ఒకడు ఉండేవాడు. వెనక బెంచీ, గుబురు కనుబొమలు, చెవులకు ఎప్పుడూ వాక్‌మన్. లెక్చరరు రాని ఒక మధ్యాహ్నం అమల ఉండబట్టలేక, "అంత శ్రద్ధగా ఏం వింటావు?" అని అడిగింది. అతను హెడ్‌ఫోన్ తీసి ఇచ్చాడు.

ముందు ఒక తీగ వాద్యం మోగింది. తర్వాత చెంపదెబ్బలాంటి డప్పు. ఆ తర్వాత ఒకావిడ గొంతెత్తింది, ఎత్తిన గొంతును దించలేదు, అక్కడే తిప్పింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అమల హెడ్‌ఫోన్ తిరిగివ్వడం మరిచిపోయింది. పాట అయ్యాక ఆమెకు ముందు సంతోషం కాదు, కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళు వచ్చాయి, ఇంత సంగీతం ఉందని ఒక్కరంటే ఒక్కరు చెప్పలేదేం? తార్నాకలో క్యాసెట్ షాపులకు కొదవ లేదు. ఏ షాపుకు వెళ్ళినా సినిమా పాటలు, భక్తి పాటలు, ఓ మూల నాలుగు ఇంగ్లీషు క్యాసెట్లు. ప్రపంచమంటే మద్రాసు, బొంబాయి, అమెరికా. మిగతా భూగోళమంతా మూగదన్నట్టే.

మూగది కాదని ఇల్యాస్ చూపించాడు. విదేశీ విద్యార్థుల హాస్టల్లో ఒక ఆనవాయితీ ఉండేది. చదువు పూర్తయి సొంత దేశానికి వెళ్ళిపోయేవాడు తన ఊరి క్యాసెట్ ఒకటి హాల్లోని అట్టపెట్టెలో వేసి వెళ్ళాలి. ఎన్నేళ్ళుగా ఎవరెవరు వేశారో, పెట్టె నిండిపోయి ఉంది. ఇల్యాస్ వాటిని ఒక్కొక్కటే సంచీలో తెచ్చి అమలకిచ్చేవాడు. సూడాన్ నుంచి బాకాలూదే పెళ్ళి బ్యాండు. జాంజిబార్ దీవినుంచి వయొలిన్లన్నీ కలిసి అలిగినట్టు వాయించే బృందం. నైలు ఒడ్డున ఏదో పల్లెలో రేకు డబ్బాలు, చప్పట్లు తప్ప ఇంకేమీ లేని బ్యాండు. చాలావాటి మీద బ్యాండు పేరు కూడా ఉండదు, పెన్నుతో రాసిన ఊరి పేరు తప్ప. అమల వాటిని ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని, పరీక్షకు చదివినదానికంటే శ్రద్ధగా వినేది.

ఒకసారి తార్నాక చౌరస్తాలో చాయ్ హోటల్ అతన్ని బతిమాలి ఇల్యాస్ ఒక అరబ్బీ క్యాసెట్ పెట్టించాడు. పాట మొదలయ్యిందో లేదో, పక్క బల్ల దగ్గర ఒక ముసలి సాయిబు గబగబా జేబురుమాలు తీసి తలకు కట్టుకున్నాడు, బిస్కెట్ కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. అరబ్బీ అనగానే అది దేవుడి గ్రంథమే అనుకున్నాడు పెద్దాయన. "ఏం పాట అది?" అని అమల గుసగుసగా అడిగింది. "గాడిద తప్పిపోయి ఇద్దరు అన్నదమ్ములు కొట్లాడుకునే పాట" అన్నాడు ఇల్యాస్, సిగ్గుతో చచ్చిపోతూ. ఆ రోజు అమల హాస్టల్ చేరేదాకా నవ్వింది. అదే పొరపాటు ఇమ్మానుయేల్ గారు చేస్తే మాత్రం నవ్వు రాలేదు. పెద్దాయన అర్థం కానిదానికి తల వంచాడు. ఈయన అర్థం కానిదాని మొహాన తలుపేశాడు.

అందరూ అనుకున్నట్టు ఇల్యాస్ ముస్లిం కాదు. బెత్లెహేముకు కూతవేటు దూరంలో ఉన్న ఊళ్ళో పుట్టిన క్రైస్తవుడు. ఇల్యాస్ అంటే ఏలీయా ప్రవక్త పేరే. అది తెలిసి అమల అతన్ని చర్చికి తీసుకొచ్చిన మొదటి ఆదివారం, ఇమ్మానుయేల్ గారు చేయి కలిపి ఇంగ్లీషులో, "వెరీ గుడ్. మీరు ఎప్పుడు మారారు?" అని అడిగారు.

"ఎక్కడినుంచి మారడం సార్?" అన్నాడు ఇల్యాస్.

"అదే, క్రైస్తవులుగా."

ఇల్యాస్ పాపం నిజంగానే ఆలోచించాడు. "నాకు తెలీదు సార్. మా తాతను ఒకసారి అడిగితే, వాళ్ళ తాతను అడగాలన్నాడు. ఆయన కూడా అదే మాట అని ఉంటాడు" అన్నాడు.

ఇమ్మానుయేల్ గారి నాన్న బాప్తిస్మం తీసుకున్నది నిజాం రోజుల్లో, దొరల చాకిరీ పడలేక. రైల్వేలో ఉద్యోగం చేసి రిటైరై, ఈ చర్చి గోడలకు సున్నం దగ్గర్నుంచీ చూసుకున్న మనిషి ఆయన, కాదనడానికి లేదు. కానీ ఆ రోజునుంచీ ఇల్యాస్ వైపు ఆయన అనుమానపు చూపు మారలేదు. ఏటా డిసెంబరులో బెత్లెహేము మీద గొంతు చించుకుని పాడతారు, బెత్లెహేము పక్కూరి కుర్రాడు ఎదుటికొస్తే గుర్తింపు కార్డు అడుగుతారు.

గుడ్ ఫ్రైడే నాడు ఆ చర్చిలో, అన్ని చర్చిల్లోలాగే, ఏడు మాటల ఆరాధన. మధ్యాహ్నం మూడు గంటలదాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఒక్కో మాట అయ్యాక ఒకరు ఒంటరిగా ఒక పాట పాడాలి. పాట ఎంచుకునే హక్కు పాడేవాళ్ళదే. ఎవరికి ఏ మాటో చీట్లు తీసి తేలుస్తారు. ఈసారి అమలకు నాలుగో మాట పడింది. తండ్రి కూడా తన చేయి వదిలేశాడని ప్రభువు కేక వేసిన మాట. అన్నిటికంటే బరువైన మాట అదే. క్వయర్ అంతా ఆమె చేయి నొక్కింది.

ఆ సంగతి చెబితే ఇల్యాస్, ఏ పాట పాడతావని అడిగాడు. మర్నాడు ఒక క్యాసెట్ తెచ్చాడు. అది అట్టపెట్టెలోది కాదు, అతనిది. వాళ్ళ ఊరి చర్చిలో గుడ్ ఫ్రైడే నాడు ఆడవాళ్ళు పాడే పాటను అతని తల్లి ఇంటి టేప్ రికార్డర్‌లో పట్టి పంపింది. మధ్యమధ్య దగ్గులు, ఎవరో పసివాడి ఏడుపు. "నా బిడ్డకు దాహమేస్తే ఈ ఊళ్ళో ఒక్క తలుపూ తెరుచుకోలేదా" అని తల్లి ఇంటింటికీ వెళ్ళి అడిగే పాట. డిగ్రీకని ఇక్కడికొచ్చినప్పటినుంచీ ప్రతి గుడ్ ఫ్రైడే నాడు గది తలుపు వేసుకుని ఒక్కడే ఈ క్యాసెట్ వింటానని ఇల్యాస్ చెప్పాడు. "ఇది పదిమంది మధ్య వినాల్సిన పాట" అన్నాడు.

"ఈసారి ఒక్కడివే వినవు. నేను పాడతా, మా అందరి మధ్య కూర్చుని వింటావు" అని అమల మాటిచ్చింది. ఆ మాటే ఆమె మెడకు చుట్టుకుంది.

పాట నేర్చుకోవడానికి వారాలు పట్టింది. రత్నాకర్ మాస్టరు కీబోర్డు మీద వెతికి వెతికి విసిగిపోయాడు. "ఈ స్వరం యాడుందమ్మా? నల్ల మెట్టు గాదు, తెల్ల మెట్టు గాదు."

"రెండింటి నడుమ ఉన్నది సార్."

"నడుమ ఏముంటది? సందు!"

ఆ సందులో స్వరం ఉందని అమలకు తెలుసు. ఊళ్ళో ఎవరైనా పోయినప్పుడు ఆమె నానమ్మ పోచమ్మ శోకాలు పెట్టేది, ఆ గొంతు వెళ్ళి నిలబడేది సరిగ్గా అక్కడే. ఇల్యాస్ అరబ్బీ పలుకులు సరిచేశాడు. ఒక సాయంత్రం ఆమె మొత్తం పాడితే రత్నాకర్ కీబోర్డు ఆపేసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది పాడాల్సిందే" అన్నాడు. అదే రత్నాకర్ ఇవాళ సెక్రటరీ ముందు క్యాలెండర్ చదువుతున్నాడు. వెన్నెముక కీబోర్డు పెట్టెలో పెట్టి వచ్చినట్టున్నాడు.

"మన పాటల పుస్తకంల సగం ట్యూన్లు ఇంగ్లీషు దొరలవి గాదా సార్?" అంది అమల. "అవి పవిత్రం, ఇది అపవిత్రమా?"

"గవి మన పాటలు" అన్నారు ఇమ్మానుయేల్ గారు.

"ఎప్పటినుంచి మనవైనయి?"

"చూడమ్మా, చదువుకున్నవని పెద్దలకు ఎదురు చెప్పకు. పుస్తకంలది పాడితే పాడు, లేకుంటె ఇంకొకలు పాడుతరు. ఇంకో మాట. గా పిల్లగాడితోని మెట్ల మీద కూసునుడు కూడ మంచిగ లేదు. అందరు చూస్తున్నరు."

అందరూ చూడటం కాదు, ఆయనే చూపించాడు. రెండు రోజులు తిరక్కుండానే ఊరికి ఫోన్ చేయించాడు. వాళ్ళ ఊళ్ళో ఫోన్ ఉన్నది పటేల్ ఇంట్లో. వీరస్వామిని పిలిపించి, పటేల్ అరుగు కింద నిలబెట్టి, రిసీవరు చేతికందించారు. 'మీ బిడ్డ సాయిబుల పిల్లగానితోని తిరుగుతున్నది, మతంల కలుపుకుంటరేమో, వచ్చి తోల్కపో' అన్న కబురు వీరస్వామి చెవిన పడకముందే పటేల్ చెవిన పడింది. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. ఒక తండ్రి కన్నకూతురి పరువును పటేల్ వాకిట్లో పారబోసి, దాన్ని సంఘ క్షేమం అన్నారు.

గుడ్ ఫ్రైడేకు ముందురోజు వీరస్వామి కాచిగూడ స్టేషన్లో దిగాడు. అమల వెళ్ళింది. మాసిన ధోవతి, భుజం మీద తువ్వాలు, చేతిలో చిన్న సంచీ. తిడతాడని అనుకుంది. తిట్టలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, "గా పాట ఏంది బిడ్డా? పాడు, ఇంటా" అన్నాడు.

రైళ్ళ రొదలో, కూలీల కేకల మధ్య ఆమె పాడింది. వీరస్వామి నేల చూస్తూ విన్నాడు. అయిపోయాక తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మంచిగున్నది. గని పెద్దోళ్ళతోని మనకు లొల్లి ఎందుకు? వాళ్ళు చెప్పిందే పాడు. మాట ఇనకపోతే సదువు మాన్పించి తోల్కపొమ్మన్నరు. నేను సరేనన్న."

"ఎందుకన్నవు నాయినా?"

"ఏమనాలె మరి? పటేల్ ఇంటి ముంగట నిలబడి ఏమనాలె?"

అమలకు తండ్రి మీద కోపం రాలేదు. ఆయన్ని ఆ అరుగు కింద నిలబెట్టినవాళ్ళ మీద పళ్ళు పటపట కొరికింది. రాత్రంతా పరుపు మీద అటూ ఇటూ దొర్లింది. చివరికి తనకు తానే నచ్చజెప్పుకుంది. పుస్తకంలో పాటే పాడుతుంది, చదువు నిలబెట్టుకుంటుంది. ఇల్యాస్ వచ్చి లోపల కూర్చుంటే చాలు, ఒక్కడే గదిలో ఉండడు. ఇచ్చిన మాటలో సగమైనా నిలబడుతుంది. పొద్దున్నే అతనికి అదే చెప్పింది. "పాట లేదు. నువ్వు మాత్రం రా." అతను తలూపాడు.

చర్చి కిక్కిరిసింది. ఎండ మాడ్చేస్తోంది. ఒక పక్క చాపల మీద తెల్లచీరల ఆడవాళ్ళు, రెండో పక్క మగవాళ్ళు. వీరస్వామి మగవాళ్ళలో చివరి వరసలో, గోడకు ఆనకుండా ఒదిగి కూర్చున్నాడు. మొదటి మాట, రెండో మాట, మూడో మాట అయ్యాయి. అమల ప్రతి పాటకూ వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. ఇల్యాస్ ఎక్కడా లేడు.

నాలుగో మాట మీద ఇమ్మానుయేల్ గారే ప్రసంగించారు. బాగా మాట్లాడతారాయన, అదీ నిజమే. ప్రభువును ఊరి గేటు బయటికి ఈడ్చుకుపోయారన్నారు. ఒక్కడూ తోడు లేడన్నారు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. ఆయన గొంతు కూడా వణికింది. ఆ వణుకు దొంగది కాదు, అందుకే అమలకు మరింత ఒళ్ళు మండింది.

ఆమె పేరు పిలిచారు. మైకు దగ్గర నిలబడితే ఎదురుగా తలుపు, తలుపులోంచి వాకిలి, వాకిలి చివర ఇనుప గేటు కనిపించాయి. గేటు వేసి ఉంది. లోపలివైపు రొమ్ముకు రిబ్బన్ పువ్వు పెట్టుకున్న వాలంటీర్లు ఇద్దరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బయట, ఎండలో, మెడదాకా గుండీలు పెట్టుకున్న తెల్లచొక్కాతో ఇల్యాస్. లౌడ్‌స్పీకర్ వైపు తలెత్తి వింటున్నాడు.

రత్నాకర్ కీబోర్డు మీద పుస్తకంలో పాట ఎత్తుకున్నాడు. అమల అందుకోలేదు. మళ్ళీ ఎత్తుకున్నాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"గేటు కాడ ఒకాయన నిలబడ్డడు" అంది మైకులో. ఆ మాట గల్లీ అంతా వినబడింది. "ఆయన కూడ మనసొంటి విశ్వాసే. ఆయన్ని లోపలికి రానియ్యండి. వచ్చినంక పాడుతా."

ఎవరూ కదల్లేదు. పాస్టరు గారు బైబిల్లో పేజీలు తిప్పారు. ఇమ్మానుయేల్ గారు కూర్చున్నచోటినుంచే మైకు అబ్బాయి వైపు వేలు అడ్డంగా ఊపారు. మైకు ఆగిపోయింది.

అప్పుడు చివరి వరసలో వీరస్వామి లేచాడు. చదువు అయిపోయింది, ఇప్పుడే అందరి ముందూ రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతాడు అనుకుంది అమల. ఆయన ఆమె వైపు రాలేదు. తలుపు దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, వాకిలి దాటి, గేటు గొళ్ళెం తానే తీసుకుని బయటికి వెళ్ళాడు. కాలువ పక్కన రాతిబండ మీద తువ్వాలు పరిచి కూర్చుని, ఇల్యాస్ చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అక్కడినుంచే లోపల ఉన్న అమలకు రమ్మని చేయూపాడు.

అమల మైకు వదిలి చాపల మధ్యనుంచి నడిచింది. చెప్పులు వెతుక్కోలేదు, సిమెంటు వాకిలి కాళ్ళు కాల్చింది. గేటు దాటి ఇద్దరి ముందూ నిలబడింది.

"నీ పాట పాడు బిడ్డా" అన్నాడు వీరస్వామి.

ఆమె పాడింది. కీబోర్డు లేదు, మైకు లేదు. తల్లి మొదటి ఇంటి తలుపు కొట్టే చోట ఇల్యాస్ తల వంచుకున్నాడు, అతని భుజాలు కదిలాయి. వీరస్వామి అతని వీపు మీద చేయి వేశాడు. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ ఆగిపోయింది. లోపల ఐదో మాట మొదలుపెట్టమని పాస్టరు గారికి ఎవరో చెబుతున్నారు గానీ ఆయన బైబిల్ మూసి పక్కన పెట్టారు. ఆడవాళ్ళ వైపునుంచి ఒక ముసలమ్మ ఏడుపు వినబడింది.

ఇమ్మానుయేల్ గారు చెమటలు కక్కుకుంటూ గేటు దాకా వచ్చారు. అమలను ఆపమనలేకపోయారు. వంగి, వీరస్వామి చెవిలో, "ఏందిది వీరస్వామీ, మన ఇజ్జత్ పోతది. బయట గిట్ల కూసునుడు బాగుండదు. నువ్వన్న లోపటికి రా" అన్నారు.

వీరస్వామి లేవలేదు. పెద్దల మాటకు ఎదురు చెప్పడం ఆయనకు జీవితంలో అదే మొదటిసారి. గొంతు మాత్రం పెంచలేదు.

"బయట కూసొని ఇనుడు మనకు కొత్త గాదు గద సార్. ఊళ్ళె గుడి బయట మీ నాయినా గట్లనే కూసున్నడు, మా నాయినా గట్లనే కూసున్నడు. లోపట కూసొని ఇంకొకణ్ణి బయట నిలవెట్టుడే కొత్త. గది నాతోని గాదు."

అమల రెండో చరణం ఎత్తుకుంది.